కుడి సీటు కష్టం

సంపాదకునికి,

2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానం కూలి శిక్షకుడు, క్యాడెట్ ఇద్దరూ చనిపోయారు. అలాంటి వార్త వచ్చినప్పుడల్లా ‘పక్కన శిక్షకుడు ఉండీ ఏం లాభం?’ అంటుంటారు. కారణం ఏదైనా కావచ్చు. సెస్నా 172 అనే చిన్న విమానం మీద నేర్చుకున్నవాడిగా ఒక మాట చెప్పాలి.

అందులో కుడి సీట్లో కూర్చునే శిక్షకుడికీ ఒక జత కంట్రోల్స్ ఉంటాయి. వాటిని ఎప్పుడు అందుకోవాలన్నదే అసలు కష్టం. ముందే లాక్కుంటే కుర్రాడు నేర్చుకోడు, ఆలస్యమైతే ఇద్దరూ మిగలరు. స్టాల్ (ముక్కు మరీ పైకెత్తడంతో రెక్కలు పట్టు కోల్పోవడం) పాఠంలో ఒక రెక్క వాలగానే నేను భయంతో యోక్‌ని, అంటే విమానం నడిపే హ్యాండిల్‌ని, ఒంటికేసి లాగేశాను, ముక్కు దించాల్సింది పోయి! సార్ అరవలేదు. ‘ఐ హ్యావ్ కంట్రోల్’ (ఇక నేను నడుపుతా, నువ్వు వదిలెయ్) అన్నారంతే. ఆ టెన్షన్‌లో చేతులు వదలడానికి నాకు రెండు సెకన్లు పట్టింది. మూడు వేల అడుగుల ఎత్తు కాబట్టి సరిపోయింది. రన్‌వేకి ముప్పై అడుగుల మీదైతే?

కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. దాంతో వాతావరణం బాగున్న రోజున ఒకే శిక్షకుడి మీద సార్టీ (ఒక విడత ఎగరడం) తర్వాత సార్టీ పడుతుంది. సాయంత్రానికి ఆయన ఎంత చురుగ్గా ఉంటారు? పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తన తనిఖీల్లో ఈ పనిగంటలను గట్టిగా చూడాలి. కంట్రోల్ వదలడాన్ని మొదటి వారంలోనే నేల మీద సాధన చేయించాలి. మాకు చేయించలేదు.

– ఒక మాజీ ట్రైనీ పైలట్, హైదరాబాద్