ర్యామ్ ధరలు, మీ కొటేషన్లు: ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించుకోకూడదు

అందరికీ నమస్తే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మన షాపుకొచ్చి క్యాడ్, రెండరింగ్ సిస్టమ్‌లు అసెంబుల్ చేయించుకునే ఆర్కిటెక్టులు, ఇంటీరియర్ డిజైనర్లు, సివిల్ ఇంజనీర్లు ఈమధ్య అందరూ ఒకటే అడుగుతున్నారు: పోయిన దసరాకి ఇచ్చిన కొటేషన్‌కీ ఇప్పటి కొటేషన్‌కీ ఇంత తేడా ఏంటని. తేడాలో పెద్ద భాగం ర్యామ్‌దే. డీడీఆర్5 (ఇప్పటి సిస్టమ్‌లలో వేసే కొత్త రకం ర్యామ్) ధర అప్పటికి ఇప్పటికి రెండింతలు దాటిపోయింది, దాని వెనకే ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీలు కూడా పెరుగుతున్నాయి.

కారణం మన మార్కెట్లో లేదు. ప్రపంచంలో మెమరీ చిప్పులు ఎక్కువగా తయారుచేసేది శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలు. ఏఐ డేటా సెంటర్లకి కావాల్సిన మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి ముగ్గురూ తమ ఉత్పత్తిని అటు మళ్లించారు. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ అయితే మనలాంటి వాళ్లకి అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అందుకని ఇకమీద నేనిచ్చే కొటేషన్ రెండు రోజుల వరకే. అడ్వాన్స్ ఇచ్చిన రోజే మీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కొని, మీ పేరున జీఎస్టీ బిల్లు చేసి పక్కన పెడతాను, మిగతా సామాను తర్వాత వచ్చినా ఆ రెండింటి ధర మారదు.

ఇప్పుడు అసలు సంగతి. బడ్జెట్ సరిపోవట్లేదని చాలామంది "ర్యామ్ 16 వేయండి, గ్రాఫిక్స్ కార్డు 8 జీబీది చాలు" అంటున్నారు. దయచేసి అక్కడ తగ్గించకండి. తగ్గించడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి, కానీ అవి చెప్పాలంటే ముందు మీరు ఏ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తారో నాకు తెలియాలి.

ఆటోక్యాడ్, స్కెచప్, రెవిట్‌లో మోడలింగ్ చాలావరకు ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ (పని చేసే భాగం) మీదే నడుస్తుంది. అక్కడ 16 కోర్ల ప్రాసెసర్ కొంటే మిగతా కోర్లు ఊరికే కూర్చుంటాయి, ఒక్కో కోర్ వేగం బాగుంటే చాలు. అదే మీరు కరోనా అనే సాఫ్ట్‌వేర్‌లో రెండర్ చేస్తారనుకోండి (అంటే మోడల్‌ని ఫోటోలాంటి బొమ్మగా మారుస్తారనుకోండి), అది ప్రాసెసర్ మీదే ఆధారపడుతుంది కాబట్టి రైజెన్ 9 9950ఎక్స్ లాంటి 16 కోర్ల ప్రాసెసర్ పెట్టిన ప్రతి రూపాయికీ పని చేస్తుంది. లుమియన్, ఎన్‌స్కేప్, ట్విన్‌మోషన్, డీ5 అనే రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌లు వాడేవాళ్లకి లెక్క పూర్తిగా వేరు: అక్కడ పనంతా గ్రాఫిక్స్ కార్డుదే, మధ్యరకం ప్రాసెసర్ వేసి మిగిలిన డబ్బు కార్డులో పెట్టాలి.

ఆ కార్డులో కూడా ముందు చూడాల్సింది వీర్యామ్, అంటే కార్డుకి సొంతంగా ఉండే మెమరీ. చెట్లు, కార్లు, మనుషులు, పెద్ద టెక్స్చర్లు అన్నీ అందులో పట్టాలి, పట్టకపోతే రెండర్ నత్తనడక నడుస్తుంది లేదా సాఫ్ట్‌వేర్ మూసుకుపోతుంది, అదీ క్లయింట్‌కి వాక్‌త్రూ (బిల్డింగ్‌లో తిరుగుతున్నట్టు చూపే వీడియో) ఇవ్వాల్సిన రాత్రే. ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలున్నాయి, పేరు ఒకటే. 16 జీబీదే తీసుకోండి, కొనేటప్పుడు డబ్బా మీద చూసుకోండి. ల్యాప్‌టాప్ కొనే వాళ్లకి ఇంకో మాట: డెస్క్‌టాప్ 5070లో 12 జీబీ ఉంటుంది, ల్యాప్‌టాప్ 5070లో 8 జీబీయే. రెండు కార్డులు పెడితే మెమరీ కలిసిపోతుందని కూడా చాలామంది అనుకుంటారు, లుమియన్ లాంటి వాటిలో అలా కలవదు.

బాలానగర్, చర్లపల్లి వైపు సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే మెకానికల్ వాళ్లకి మాత్రం గేమింగ్ కార్డు చెప్పను. దానికి సర్టిఫై అయిన కార్డులున్నాయి, మనం ఇప్పటికీ క్వాడ్రో అని పిలిచే రకం. రియల్‌వ్యూ (మోడల్‌ని నిజమైన వస్తువులా మెరుపుతో చూపే సౌకర్యం) అధికారికంగా వాటి మీదే వస్తుంది.

ర్యామ్ 32 జీబీకి తగ్గొద్దు, పెద్ద సీన్లు చేసేవాళ్లకి 64 కావాలి. ఇప్పటి ధరలో 64 ఒకేసారి కొనలేకపోతే 32 జీబీ స్టిక్ ఒకటే వేసి, ధర తగ్గాక అలాంటిదే రెండోది వేసుకోవచ్చు. ఒక్క స్టిక్‌తో వేగం కొంత తగ్గుతుంది, అయినా నాలుగు చిన్న స్టిక్‌లు నింపేయడం కన్నా ఇదే మేలు. రైజెన్ 9000 ప్రాసెసర్లలో రెండు స్టిక్‌లకి అధికారిక వేగం 5600, నాలుగు పెడితే 3600కి పడిపోతుంది.

ఇక తగ్గించుకునేవి: రంగురంగుల లైట్ల క్యాబినెట్, జెన్5 ఎస్‌ఎస్‌డీ (దాని ముందు తరం జెన్4తో పోలిస్తే మీ పనిలో తేడా కనిపించదు), ఖరీదైన మదర్‌బోర్డు. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ లోపలి పవర్ సప్లై), యూపీఎస్ మాత్రం ముట్టుకోవద్దు. ఆర్‌టీఎక్స్ 5070 టీఐ కార్డు ఒక్కటే 300 వాట్లు లాగుతుంది, ప్రాసెసర్ కలిస్తే 500 దగ్గరికి పోతుంది. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే, కరెంటు పోయిన క్షణంలో అదీ ఆగిపోతుంది, రాత్రంతా నడిచిన రెండర్ పోతుంది.

నాకు అమ్మకం తగ్గినా ఒకటి చెప్పాలి. మీ పాత సిస్టమ్ రైజెన్ 5000 లేదా ఇంటెల్ 12వ తరంది, డీడీఆర్4 ర్యామ్ 32 జీబీ ఉండి, మీరు వాడేది లుమియనే అయితే ఇప్పుడు కొత్తది కొనకండి. ఉన్నదాంట్లో 16 జీబీ కార్డు, అవసరమైతే ఎస్‌ఎంపీఎస్ మార్చుకోండి, డీడీఆర్5 ఖర్చంతా తప్పుతుంది. ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లు ఉన్నవాళ్లు బయాస్ అప్‌డేట్ చేయించుకోకపోతే వెంటనే చేయించుకోండి, 2024లో వాటిలో ఎక్కువ వోల్టేజీ వల్ల ప్రాసెసర్ దెబ్బతిని సిస్టమ్ క్రాష్ అయ్యే సమస్య బయటపడ్డాక ఇంటెల్ వారంటీ కూడా రెండేళ్లు పెంచింది.

ఏది కావాలో తేల్చుకోలేకపోతే, మీ దగ్గరున్న అన్నిటికన్నా బరువైన ప్రాజెక్టు ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకురండి. షాపులో 8 జీబీ, 16 జీబీ కార్డులు రెండింటి మీదా తెరిచి చూపిస్తాను, దానికి డబ్బులేం తీసుకోను. ఇంటర్నెట్‌లో దొరికే డెమో సీను వద్దు, మీరు రోజూ కుస్తీ పడే ఫైలే కావాలి.