బండికి వైర్‌లెస్ సెట్టు బిగించే ముందు మాకు ఎవరన్నా ఒక మాట చెప్పింటే బాగుండు

ఎడిటర్ గారికి నమస్తే,

నేను కర్నూల్లో ఉంటా, హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తా. మీ పేపర్లో కార్ల గురించి, ఫోన్ల గురించి వారం వారం ఏదో ఒకటి వస్తానే ఉంటుంది కానీ బండిలో పెట్టుకుని మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్ల గురించి మాత్రం ఎప్పుడూ కనపడలే, అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి, కత్తిరించుకుంటే కత్తిరించుకోండి గానీ లైసెన్సు సంగతి మాత్రం తీసేయొద్దు.

ఇది యాడ మొదలైందంటే శ్రీశైలం దారిలో. పోయిన కార్తీకంలో రెండు బండ్లలో పోయినాం, మా బొలెరో ఒకటి, మా బామ్మర్ది వాళ్ళ తూఫాన్ ఒకటి (బామ్మర్ది అంటే మా ఆయనకి, నాకు తమ్ముడు). ఆత్మకూరు దాటి నల్లమలలోకి పోయినాక ఫోన్లో సిగ్నల్ ఉండదని కర్నూలోళ్ళకి నేను చెప్పాల్సిన పని లేదు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కతా ఉంటే వెనక వస్తున్న తూఫాన్ పంచర్ అయింది. మేం చూసుకోలే, ముందుకు పోయినాం. స్టెప్నీ వాళ్ళ దగ్గరే ఉంది కానీ జాకీ మా బండిలో ఉండిపోయింది, పొద్దున ఎవరో సామాను సర్దుతూ అటుది ఇటు పెట్టినారు. సాక్షి గణపతి దగ్గర ఆగి ముప్పావుగంట చూసినాం, ఫోన్ చేస్తే కవరేజ్ ఏరియాలో లేరు అనే అమ్మాయి గొంతు తప్ప ఏమీ లేదు, మా అత్తమ్మ అయితే మొక్కుకోవడం మొదలుపెట్టేసింది. రాత్రి 9 అయితే ఫారెస్టు గేటు వేసేస్తారు, మళ్ళీ పొద్దున 6 దాకా తీయరు. చివరికి ఎదురుగా వచ్చిన ఆర్టీసీ డ్రైవరన్న చెప్తే వెనక్కి తిప్పుకుని పోయినాం.

ఆ కథంతా మా అన్న కొడుక్కి వాట్సాప్‌లో చెప్పినా. వాడు డల్లాస్‌లో ఉంటాడు. "అత్తా, రెండు రేడియోలు పెట్టుకుంటే అయిపోయేదానికి ఇంత కష్టమెందుకు" అన్నాడు. అక్కడ జీఎంఆర్ఎస్ అని ఇంటోళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో సర్వీసు ఒకటుందంట, పరీక్ష లేదు పాడు లేదు, 35 డాలర్లు కడితే 10 ఏండ్లకి లైసెన్సు, అదీ ఒక్కరికి కాదు, పెండ్లాం పిల్లలు అమ్మానాన్న అత్తామామ అందరూ దాని మీదే మాట్లాడుకోవచ్చు. కార్లో పెట్టే సెట్టు 50 వాట్ల దాకా, పైన యాంటెన్నా కూడా పెట్టుకోవచ్చు. సంక్రాంతికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో అట్లాంటి సెట్టే ఒకటి, చేతిలో పట్టుకునేవి రెండు తెచ్చినాడు పాపం, ప్రేమతోనే తెచ్చినాడు. ఇంక మా ఇంట్లో మగోళ్ళని ఎవరు ఆపుతారు.

బిగించిన కథ వేరే ఉంది. మా ఆయనా, మా పిల్లోడూ, సందు చివర కార్ ఎలక్ట్రీషియన్ పిల్లోడూ ముగ్గురూ కలిసి ఒక ఆదివారం పొద్దున కూర్చున్నారు. సిగరెట్ లైటర్ సాకెట్ ఉంది కదా దాంట్లోంచే కరెంటు ఇచ్చేస్తే సరిపోతుందన్నారు. నేను కిటికీలోంచి అంటానే ఉన్నా, 50 వాట్ల సెట్టు బటన్ నొక్కి మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్లకి పైనే లాగుతుంది, అదే సాకెట్‌కి ఫోన్ చార్జర్లు కూడా ఉన్నాయి, ఫ్యూజు పోతుంది అని. టీచరమ్మ మాట ఇంట్లో ఎవరు వింటారు. "హలో హలో మైక్ టెస్టింగ్" అని మా ఆయన అన్నాడో లేదో టప్పుమంది. అప్పుడు వచ్చినారు దారికి. బ్యాటరీ దగ్గర్నుంచి నేరుగా లావు వైరు లాగి, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు పెట్టినారు, ప్లస్‌కి ఒకటి మైనస్‌కి ఒకటి. ఫ్యూజు సెట్టు దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయితే మంటే కదా, ఇది మాత్రం ఎవరు ఏ సామాను బిగించుకున్నా గుర్తు పెట్టుకోండి, రేడియో కాకపోయినా సరే.

యాంటెన్నాది ఇంకో తలనొప్పి. యాంటెన్నాకి కింద ఇనుప రేకు అద్దంలాగా పని చేస్తుంది, అందుకే టాపు నడిమధ్యలో పెడితేనే నాలుగు దిక్కులా సమంగా పోతుంది. వీళ్ళేమో చూడ్డానికి బాగుంటుందని బానెట్ పక్కన మూలకి పెట్టినారు. పుల్ల పొడుగు కూడా మన ఇష్టం కాదు, తరంగం పొడుగులో నాలుగో వంతు ఉండాలి. ఈ అమెరికా సెట్టు ఫ్రీక్వెన్సీ 462 మెగాహెర్ట్జ్ (అంటే తరంగం సెకనుకి 46 కోట్లకి పైన సార్లు ఊగుతుంది) కాబట్టి జానెడు కంటే తక్కువే, 16 సెంటీమీటర్లు. అదే తక్కువ ఫ్రీక్వెన్సీ, 27 మెగాహెర్ట్జ్ అయితే రెండు మీటర్ల ముప్పావు వస్తుంది, బొలెరో మీద అంత పుల్ల నిలబెడితే వీధిలో కేబుల్ టీవీ వైర్లన్నీ తెంపుకుంటూ పోవాల్సిందే. ఆ కేబుల్‌ని డోర్ సందులోంచి దూర్చి గట్టిగా డోర్ వేసినారు, అది నలిగిపోయింది, నలిగితే పవర్ గాల్లోకి పోకుండా తిరిగి సెట్టులోకే వచ్చి దాన్నే కాలుస్తుంది. ఎంత తిరిగొస్తుందో చూసే మీటర్ ఉంటుంది, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ అంటారు, ఒకటిన్నర లోపల ఉంటే మంచిది, మూడు దాటితే మైక్ ముట్టుకోకపోవడమే మేలు. మా దగ్గర ఆ మీటరే లేదు. ఇంజన్ స్టార్ట్ చేసి రేస్ ఇస్తే సెట్లో కుయ్యిమని ఒకటే శబ్దం, అది ఆల్టర్నేటర్‌ది (బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించేది), రేస్ పెంచేకొద్దీ గొంతు పెంచుతుంది.

మా పిల్లోడికి ఇవన్నీ చాల్లేదు, స్కానర్ కూడా కావాలన్నాడు. స్కానర్ అంటే మాట్లాడేది కాదు, వినేది మాత్రమే. ఒకదాని తర్వాత ఒక ఫ్రీక్వెన్సీ మీద దుముకుతా పోయి, ఎక్కడన్నా గొంతు వినపడితే అక్కడ ఆగుతుంది. దాంతో పోలీసోళ్ళ మాటలు వింటే ముందర చెకింగ్ ఎక్కడుందో తెలిసిపోతుందంట, వీడియోల్లో చూసినాడు. హెల్మెట్ పెట్టుకోరా నాయనా అంటే పెట్టుకోడు గానీ.

ఇదంతా జరిగిన రెండు రోజులకి మా వీధి చివర ఉండే పెద్దాయన, పోలీస్ వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరైనాడు, వాకింగ్‌కి పోతా బొలెరో దగ్గర నిలబడిపోయినాడు. "టీచరమ్మా, ముందు ఆ పుల్ల దించండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టినాం. ఆయన చెప్పింది విన్నాక మా ఆయన మొహంలో రక్తం లేదు.

ఆయన చెప్పిందేమంటే, అమెరికా లైసెన్సు అమెరికాలోనే. ఆ 462 మెగాహెర్ట్జ్ ఇక్కడ మనకి విడిచిపెట్టిన బ్యాండ్ కాదు, దాని మీద ఇక్కడ వేరే వాళ్ళకి హక్కు ఉండొచ్చు, మనం సరదాగా సాంబారు పెట్టినావా అని అడిగితే అవతల ఎవరి పనికో అడ్డం పడతాం. పైగా మన దేశంలో 1933 నాటి చట్టం నుంచీ వైర్‌లెస్ సెట్టు వాడితేనే కాదు, లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకున్నా తప్పే. మా నాయన రేడియో కోసం పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టొచ్చేవాడు, కడప స్టేషన్ వినడానికి కూడా కట్టాల్సిందే, అది ఎనభైల్లో ఎత్తేసినారు గానీ మిగతా సెట్ల సంగతి అట్లాగే ఉంది. ఇప్పుడు 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది. స్కానర్ కూడా దీంట్లోకే వస్తుంది, నేను వింటాన్నా అంతే కదా అంటే కుదరదు, పోలీసోళ్ళ మాటలు మనం వినేదానికి లేదు. ఎక్కువ చోట్ల డిజిటల్‌కి మారి తాళం వేసిన మాటలే పోతున్నాయి, స్కానర్లో గరగర తప్ప ఏమీ రాదు. అమెరికాలో కూడా న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి చోట్ల కార్లో పోలీస్ స్కానర్ పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి, ఈ మాట మా అన్న కొడుకే తర్వాత చూసి చెప్పినాడు.

మరి మనకి ఏమీ లేదా అంటే ఉంది. 2018లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అవసరం లేకుండా ఇచ్చినారు, అర వాటు పవర్‌తో చేతిలో పట్టుకునే సెట్లు. వాటికి యాంటెన్నా దాంట్లోనే ఉంటుంది, టాపు మీద వేరేది పెట్టే పని లేదు. నేరుగా కనపడే రోడ్డు మీద ఒకటి రెండు కిలోమీటర్లు వస్తే గొప్ప, ఘాట్‌లో కొండ అడ్డం తిరిగితే రెండు మలుపులకే పోతుంది. అయినా రెండు బండ్లు ఒకదాని వెనక ఒకటి పోయేదానికి అది చాలు, గొంతు తెగిపోయిందంటే వెనకోళ్ళు ఆగిపోయినారని అర్థం, అప్పుడే మనమూ ఆగితే సరి. డబ్బా మీద "20 కిలోమీటర్లు" అని ఉంటే నమ్మొద్దు. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా నడిచిపోయే వాళ్ళతో శ్రీశైలంలో కూర్చుని వీటి మీద మాట్లాడొచ్చు అనుకుంటే మాత్రం అయ్యే పని కాదు, మధ్యలో నల్లమల మొత్తం ఉంది.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, ఇది ఏ షాపోడూ చెప్పడు. అమ్మేటప్పుడు 5 వాట్ల సెట్లు కూడా పిల్లల బొమ్మలు అమ్మినట్టు అమ్ముతారు. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలకి దీని మీదే నోటీసులిచ్చి, ఫ్రీక్వెన్సీ ఎంత, లైసెన్సు కావాలా వద్దా అని రాయాల్సిందే అని గైడ్‌లైన్స్ కూడా తెచ్చింది. బాగుంది, కానీ రాసేది ఇంగ్లీషులో. మా సందు ఎలక్ట్రీషియన్ పిల్లోడికి, తూఫాన్ డ్రైవర్‌కి, పెండ్లిండ్లకి బండ్లు తిప్పేవాళ్ళకి అది ఎట్లా తెలుస్తుంది? మీరు ఒక పావు పేజీ తెలుగులో వేస్తే తెలుస్తుంది. నేను అడిగేది అదే.

పెద్ద సెట్టు, టాపు మీద యాంటెన్నా కావాలనే వాళ్ళకి మన దగ్గర ఉన్న దారి హామ్ లైసెన్సు. హామ్ అంటే వ్యాపారం కోసం కాకుండా సరదాగా, నేర్చుకోడానికి రేడియోలో మాట్లాడేవాళ్ళు. 12 ఏండ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాయొచ్చు, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే కింది మెట్టు లైసెన్సుకి మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల్లో కబురు పంపే పద్ధతి) కూడా అక్కర్లేదు. రాజీవ్ గాంధీకి కూడా ఉండింది, వీయూ2ఆర్‌జీ ఆయన కాల్‌సైన్, అంటే రేడియోలో చెప్పుకునే గుర్తు పేరు. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అండమాన్ పోయి ఉన్న భారతీ ప్రసాద్ గారు, ఫోన్లన్నీ చచ్చిపోయిన చోట నుంచి రేడియో మీద కబుర్లు పంపింది. మన ఊర్లో 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ ఇండ్లలోకి వచ్చినప్పుడు మేం మేడ మీద కూర్చుని, చార్జింగ్ లేని ఫోన్లు చేతిలో పట్టుకుని, పాతబస్తీలో ఉన్న మా పిన్ని బతికుందో లేదో తెలీక రెండు రాత్రులు గడిపినాం. అప్పుడు వీధికి ఒక హామ్ ఉండింటే అని ఇప్పుడు అనిపిస్తుంది.

కానీ ఆ పరీక్షకి హైదరాబాద్ లాంటి, కేంద్రం వాళ్ళు రేడియో తరంగాలని గమనించే మానిటరింగ్ స్టేషన్ ఉన్న ఊరికి పోవాలి. ఏడాదికి ఒక్కసారి కర్నూల్లోనో కడపలోనో అనంతపురంలోనో ఇంజనీరింగ్ కాలేజీల్లో పెట్టొచ్చు కదా. ఇంకోటి, హామ్ లైసెన్సు మనిషికే, ఇంటికి కాదు. నాకుంటే మా ఆయన మాట్లాడకూడదు, వ్యాపారం మాటలు అసలే కూడదు. కాబట్టి నా లాంటి వాళ్ళకి కావాల్సింది అది కూడా పూర్తిగా కాదు. డబ్బు కట్టించుకుని ఇల్లంతటికీ ఒక లైసెన్సు, ఒక బండి సెట్టు, ఒక చిన్న యాంటెన్నా, అమెరికాలో ఇచ్చినట్టు మనకీ ఇస్తే ఢిల్లీ వాళ్ళకి పోయేదేముంది? ఇవ్వకపోతే ఏమవుతుందో చూస్తానే ఉన్నాం కదా, అందరూ దొంగతనంగా పెట్టుకుంటున్నారు.

మా బొలెరో మీద పుల్ల దించేసినాం. డల్లాస్ సెట్లు బ్యాటరీ తీసి మూట కట్టినాం, మా అన్న కొడుకు మళ్ళీ వచ్చేది జూన్‌లో, తీసుకుని పోరా అని చెప్పినా. 446 సెట్లు రెండు కొన్నాం, ప్రభుత్వం ఇచ్చే అప్రూవల్ నంబర్ ఉందో లేదో చూసుకుని. మా పాప ఎనిమిదో తరగతి, హామ్ పరీక్షకి చదువుతాంది. మా అత్తమ్మ ఒక సెట్టు పట్టుకుని మిద్దె మీద నుంచి కింద ఉన్న మా ఆయనతో మాట్లాడి, "ప్రతి మాటకీ ఓవర్ ఓవర్ అంటావేందిరా, అయిపోతే పెట్టేయ్" అని తిట్టింది.

జాకీలు మాత్రం ఇప్పుడు బండికొకటి ఉన్నాయి.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్, కర్నూలు