ప్రకాశం జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డీఈఓ గారికి నమస్కారం.

చీమకుర్తి వైపు ఒక హైస్కూల్లో మా వాడు ఎనిమిదో తరగతి. గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాం, జవాబు రాలేదు, అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

హోంవర్క్ చేయలేదని పిల్లల్ని ఎండలో మోకాళ్ల మీద నిలబెడుతున్నారు. మా వాడి మోకాలిలో దిగిన కంకర ముక్కను వాళ్లమ్మ పిన్నీసుతో తీసింది. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది కదండీ. అలాగని తప్పంతా టీచర్లదే అనను, మాస్టారు బోర్డు వైపు తిరగగానే వెనక బెంచీల నుంచి సుద్దముక్కలు, ఈలలు, పైగా ఆయనకు విద్యాశాఖ యాప్‌లో బడి ఫొటోలు పెట్టే టెన్షన్ ఒకటి. భయపడ్డ పిల్లాడు అర్థం కాలేదని నోరు తెరవడు, అది ఆయనకు మొండితనంలా కనిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు ఇప్పటికే బడి మానేసి గ్రానైట్ పాలిషింగ్ పనికి పోతున్నారు.

మీరు ఒకసారి బడికి రండి. ఈ శిక్షలు ఆపిస్తూ రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. క్లాసు నియమాలు టీచర్లు, పిల్లలు కలిసి రాసుకునేలా చూడండి, అవి టీచర్లకూ వర్తించాలి. తల్లిదండ్రుల మీటింగ్ మాత్రం ఆదివారం పెట్టించండి, క్వారీ కూలీ వదులుకుని మధ్యాహ్నం ఎవరొస్తారు? ఏం చేస్తారో ఈ నెలాఖరులోగా మాకు రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి