కొమ్మలు డిసెంబర్‌లో కొట్టించండి

సంపాదకుల గారికి నమస్కారం.

గాలివానలకు కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడకుండా మా కర్నూలు వీధుల్లో మే నెల రాగానే వేపచెట్లు కొట్టిస్తున్నారు. పని అవసరమే, కాదనను. నెల మాత్రం తప్పు. మన పెరటి పిట్టలు చాలావరకు పిల్లల్ని సాకే కాలం అది.

మొన్న మా వీధిలో కొట్టి పడేసిన కొమ్మల్లో పిగిలిపిట్ట గూడొకటి దొరికింది. దోసిట్లో పట్టేంత గిన్నె. సన్న పుల్లలు, వేర్లు చుట్టి, సాలెగూటి దారంతో బిగించి కట్టుకుంది. లోపల ఇంకా కళ్లు తెరవని పిల్లలు రెండు, పడిన దెబ్బకే పోయాయి. తల్లి ముక్కున పురుగు పట్టుకుని, కొమ్మ ఉండాల్సిన చోటే తిరుగుతోంది. పిగిలిపిట్ట గుడ్డు పెట్టింది మొదలు పిల్ల ఎగిరిపోయేదాకా సుమారు నెల పడుతుంది, అంతే. ఆ నెల ఆగలేమా?

కాకులూ ఈ ఎండల్లోనే గూళ్లు కడతాయి. కోయిల గుడ్లు పెట్టేది వాటిల్లోనే కాబట్టి, ఒక్క కొమ్మ పడితే రెండు జాతుల పిల్లలు పోతాయి. పైగా మేలో వేపచెట్టు నిండా పచ్చికాయ ఉంటుంది. అది పండితే గోరువంకలకు, కోయిలలకు, కాకులకు తిండి.

డిసెంబర్‌లో ఈ చిక్కు చాలావరకు ఉండదు. చలికాలంలో మన జొన్నచేలల్లో గుంపులుగా దిగే గులాబీ గోరువంకలు గూడు కట్టేది ఇక్కడ కాదు, మధ్య ఆసియాలో. ఎండలు ముదిరేసరికి అటే వెళ్లిపోతాయి. గద్దలు మాత్రం చలికాలంలోనే గూడు పెడతాయి. వాటి గూడు పెద్దది, కింది నుంచే కనిపిస్తుంది. ఆ కొమ్మ వదిలేస్తే సరి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను పాడుచేయడాన్నీ, గూళ్లను కదిలించడాన్నీ వేట కిందే లెక్కగడుతుంది. అది అడవులకే కాదు, ఊరి చెట్లకూ వర్తిస్తుంది.

అందుకని తీగలకు తగిలే కొమ్మల వరకే, డిసెంబర్‌లో కొట్టించాలి. చెట్టును మోడు చేయొద్దు. 40 డిగ్రీలు దాటే ఎండలో ఆ నీడ కూరగాయల బండివాళ్లకీ కావాలి. మేలో తప్పనిసరైతే ముందురోజే వీధివాళ్లను అడగండి. ఏ చెట్టు మీద గూడుందో పిల్లలే చూపిస్తారు. ఏ వీధిలో ఏ రోజు కొడతారో ముందుగా పేపర్లో ప్రకటించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కర్నూలు