తీర్పులు చెప్పే తొందర నాయకులకు వద్దు

సంపాదకుడు గారికి,

పోలీసులు ఒకరి రంగు చూసి వేధించారన్న వార్త వస్తే చాలు, గంట తిరగకముందే నాయకుల ప్రకటనలు మొదలవుతాయి. వాళ్లు మాట్లాడటం తప్పని నేననను. విచారణ జరగకముందే తీర్పు చెప్పేయడమే బాధ కలిగిస్తోంది.

2009 జూలైలో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో, హార్వర్డ్‌లో పనిచేసే నల్లజాతి ప్రొఫెసర్ హెన్రీ లూయీ గేట్స్‌ను పోలీసులు ఆయన ఇంటి దగ్గరే అరెస్టు చేశారు. బిగుసుకుపోయిన తలుపును ఆయన తోస్తుంటే, దొంగలేమోనని ఎవరో ఫోన్ చేశారట. అయిదు రోజులకు కేసు ఎత్తేశారు. ఆ మర్నాడు విలేకరులు అడిగితే, వివరాలన్నీ తనకు తెలియవంటూనే పోలీసులు తెలివితక్కువ పని చేశారనేశారు అధ్యక్షుడు ఒబామా. పోలీసు సంఘాలు భగ్గుమన్నాయి. మాటలు ఇంకాస్త ఆచితూచి వాడాల్సిందని రెండు రోజులకే ఆయన ఒప్పుకున్నారు. ఇంట్లో ఉన్న మనిషికి బేడీలు ఎందుకు వేశారన్న అసలు ప్రశ్న మాత్రం ఆ రగడలో పక్కకు పోయింది.

2016లో బెంగళూరులో దీనికి తలకిందులుగా జరిగింది. ఒక సూడాన్ దేశస్థుడి కారు కింద పడి ఓ మహిళ చనిపోతే, తర్వాత ఆ దారిన వచ్చిన టాంజానియా విద్యార్థినిని మూక కొట్టింది. ఆ ప్రమాదంతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. అయినా ఇది జాతి దాడి కాదని కర్ణాటక హోంమంత్రి పరమేశ్వర తేల్చేశారు. పోలీసులు ఆయన శాఖ వాళ్లే. మంత్రి అంత మాటన్నాక కింది అధికారి ఇంకేం విచారిస్తాడు?

మన ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల సంగతే చూడండి. 2023 జనవరిలో అమెరికాలోని సియాటిల్‌లో రోడ్డు దాటుతుంటే పోలీసు కారు ఢీకొని చనిపోయింది. పరిమితి గంటకు 40 కిలోమీటర్లున్న చోట ఆ కారు దాదాపు 120 వేగంతో వచ్చింది. ఆ బిడ్డ ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు ఇంకో అధికారి ఫోన్లో నవ్వుతూ మాట్లాడిన వీడియో సెప్టెంబరులో గానీ బయటకు రాలేదు. అప్పుడు మన నాయకులు గట్టిగా స్పందించారు, మంచిదే. నవ్విన అధికారి ఉద్యోగం 2024లో పోయింది. కారు నడిపిన అధికారిపై మాత్రం తీవ్ర నేరం కింద కేసు పెట్టలేమని ప్రాసిక్యూటర్లు చెప్పేశారు.

ఇలాంటిది మళ్లీ జరిగితే ఖండనలతో సరిపెట్టకుండా, వీడియో ఎప్పుడిస్తారు, విచారణ ఎవరు చేస్తున్నారు, ఎప్పటికి ముగిస్తారు అని మొదటి వారంలోనే లిఖితపూర్వకంగా అడగాలని మన ఎంపీలను, విదేశాంగ శాఖను కోరుతున్నాను. ఇక్కడ చదువుకునే ఆఫ్రికా విద్యార్థులకు అన్యాయం జరిగినప్పుడు మన పోలీసులనూ అవే అడగాలి.

– ఒక పాఠకురాలు, కర్నూలు