అటకెక్కించిన పుస్తకం మళ్లీ కిందికి

మన షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. ఒక తప్పు ఒప్పుకోవాల్సి ఉంది.

జనవరిలో బుక్ ఫెస్టివల్ హడావుడిలో ఒకావిడ ఐదో తరగతి బాబుకి దెయ్యాల కథ కావాలని అడిగారు. అట్ట మీద చెట్టు భూతం బొమ్మ చూసి ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ చేతిలో పెట్టాను. నేను చదవలేదు. చదివినట్టే మాట్లాడాను. వారం తర్వాత ఆవిడ పుస్తకం వెనక్కి తెచ్చారు. వాళ్లింట్లో అమ్మమ్మకి కీమో జరుగుతోందట, పిల్లాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదట. నాలుగు తిట్టినా బాగుండేది, నెమ్మదిగానే చెప్పి వెళ్లారు. డబ్బులు ఇచ్చేసి, మిగిలిన ఆరు కాపీలూ అటక మీద పడేశాను.

తర్వాత సిగ్గేసి చదివాను. ఇంగ్లండులో కానర్ అనే పదమూడేళ్ల కుర్రాడు. అమ్మకి క్యాన్సర్, నాన్నకి అమెరికాలో వేరే సంసారం. ఇంటి వెనక చర్చి శ్మశానంలో ఉన్న యూ చెట్టు రాత్రి 12:07కి భూతమై లేచొస్తుంది. మూడు కథలు అది చెబుతుంది, నాలుగోది వీడు చెప్పాలి, అదీ నిజం చెప్పాలి. భూతం పెద్దగా భయపెట్టలేదు కానీ బడి భయపెట్టింది. వీడు అమ్మమ్మ ఇంట్లో హాలంతా పగలగొట్టినా, తోటి పిల్లాణ్ణి ఆసుపత్రి పాలు చేసినా ఎవరూ శిక్షించరు. పాపం, వాళ్లమ్మకి బాగాలేదు కదా అని వదిలేస్తారు. ఆ జాలే వాణ్ణి తినేస్తుంది. మనమూ అంతేగా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే పిల్లలు గదిలోకి రాగానే మాట మార్చేస్తాం.

ఈ కథ ఆలోచన షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. ఆవిడ 2007లో క్యాన్సర్‌తోనే పోయారు. ఆ ఆలోచనని పాట్రిక్ నెస్ 2011లో నవలగా రాశారు, బొమ్మలు జిమ్ కేవి. 2012లో బ్రిటన్‌లో రచనకిచ్చే కార్నెగీ పతకం, బొమ్మలకిచ్చే గ్రీనవే పతకం రెండూ దీనికే వచ్చాయి. ఒకే పుస్తకానికి రెండూ రావడం అదే మొదలు. పతకాల సంగతి నాకు ముందే తెలుసు, లోపలేముందో తప్ప!

సోమవారం నుంచి ఆ ఆరు కాపీలూ మళ్లీ అమ్మకానికి పెడుతున్నాను. పిల్లల అరలో కాదు, కౌంటర్ వెనక. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకైతే ఇస్తాను, ఇంగ్లీషు కష్టమేమీ కాదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని ఒక మాట అడుగుతాను. చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకండి, కానీ ముందు మీరు చదవండి. చివర్లో అద్భుతమేమీ జరిగి అమ్మ లేచి కూర్చోదు. మామూలుగా ఇచ్చే పది శాతం తగ్గింపు దీనికీ ఉంటుంది.

ఫెస్టివల్‌లో ఇదే పుస్తకం ఇంకో నలుగురికి అమ్మాను. ఎవరెవరో గుర్తులేదు. మీరే అయితే, పిల్లలు ఇంకా మొదలుపెట్టకపోతే, కాస్త ఆపి ముందు మీరు తిరగేయండి. వద్దనుకుంటే తెచ్చేయండి, బిల్లు లేకపోయినా డబ్బులిస్తాను.