ఆ ఆయమ్మకు, ఆమెను అట్లా పెంచిన ముసలమ్మకు

అందరికీ వందనాలు. మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. భూస్థాపన అయింది, నిన్న సాయంత్రం ఆదరణ కూడిక కూడా ముగిసింది. చుట్టాలంతా వెళ్లిపోయారు. ఇంటి ముందు కిరాయి కుర్చీలు ఇంకా అట్లనే ఉన్నాయి. కళ్లు మండుతున్నాయి, నిద్ర మాత్రం రావడం లేదు. రేపటి నుంచి మళ్లీ కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఈ రాత్రి రాయకపోతే ఇక రాయలేనేమోనని కూర్చున్నాను. వరస తప్పితే మన్నించండి.

తమ్ముడు, మరదలు, మా ఆయన, పిల్లలు చేయాల్సిందంతా చేశారు. డోర్నకల్ నుంచి మా చిన్నమ్మ వచ్చి వంటిల్లు చూసుకుంది. ఇంటివాళ్లకు థ్యాంక్స్ చెప్తే బాగుండదు, వాళ్లకు తెలుసు.

నేను చెప్పుకోవాల్సింది ఒక ఆయమ్మ గురించి.

అమ్మను ఉంచింది వరంగల్‌లో ఒక ఆసుపత్రిలో. పేరు అవసరం లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, మాస్కు తీస్తే ఆయాసం. ఆడవాళ్ల వార్డులో రాత్రి డ్యూటీకి వచ్చేది ఈ ఆయమ్మ. నాకంటే చిన్నదే. కాంట్రాక్టు మనిషి. తన పేరు ఎక్కడా రాయొద్దని మరీ మరీ చెప్పింది, డ్యూటీలోంచి తీసేస్తారని భయం. అందుకే పేరు రాయడం లేదు.

మా అమ్మకు జుట్టు పొడుగు. తెల్లబడి పలచబడినా నడుము దాకా ఉండేది. మంచం మీద పడుకునీ పడుకునీ ఆ జుట్టంతా మెడ కింద చిక్కుపడి ఉండకట్టింది. నేను విప్పబోతే నొప్పికి అమ్మ మొహం చిట్లించుకునేది, వదిలేశాను. ఒక సిస్టరమ్మ అయితే కత్తిరించేయమంది. ఆ రాత్రి ఆయమ్మ తన పనంతా అయ్యాక మంచం తలాపున స్టూలు వేసుకుని కూర్చుంది. జుట్టును కుదుళ్ల దగ్గర ఎడమ పిడికిట్లో గట్టిగా పట్టుకుంది, లాగినా అది తలకు తెలియకుండా. కొసల నుంచి మొదలుపెట్టి, వేళ్లతోనే ఒక్కొక్క పాయా విప్పుకుంటూ పైకి వచ్చింది. దువ్వెన చివర్లోనే పట్టింది. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు, అమ్మ మాత్రం మధ్యలోనే నిద్రపోయింది. తర్వాత చెవుల పక్క నుంచి రెండు జడలు అల్లింది. "ఒక్క జడేస్తే పండుకున్నప్పుడు ఎనుక ఒత్తుకుంటది అక్కా, గిట్లయితే ముంగటికే ఉంటయి" అన్నది.

మా అమ్మ సర్కారు బడి టీచరు, నలభై ఏళ్లకు పైగా మా సంఘంలో సండే స్కూలు నడిపింది. ప్రతి ఆదివారం వచ్చిన పిల్లల జుట్టు చూసేది ముందు. నూనె లేని తలకు నూనె రాసి, దువ్వి, ఆ తర్వాతే కంఠత వాక్యం అప్పజెప్పించుకునేది. ఆయమ్మకు ఇదేమీ తెలియదు. మేమెవరమో కూడా తెలియదు. అమ్మ తెల్లవారి లేచి జడలు తడుముకుని చూసుకుంది, మాట రాదు కదా, చెయ్యి ఎత్తి ఆ అమ్మాయి తల మీద పెట్టింది.

అమ్మ పోయింది కోడికూతకు ముందు. డాక్టరు వచ్చి చూసి రాసుకుని వెళ్లారు. తమ్ముడు కిందికి కాగితాల కోసం పోయాడు. నేను ఒక్కదాన్నే. ఆయమ్మ డ్యూటీ అయిపోయింది, బయట ఆటో కోసం తోటి ఆడవాళ్లు పిలుస్తున్నారు, ఆమె పోలేదు. క్యాంటీన్ నుంచి ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చి బకెట్లో కలిపింది. తెర గుంజింది. అమ్మ చేతికి, బుగ్గలకు మాస్కు కోసం, సూది కోసం వేసిన ప్లాస్టర్ల జిగురు నల్లగా అతుక్కుని ఉంది. దాన్ని గీకలేదు. కొబ్బరినూనె దూదికి అద్ది, ఒక్కో మరక మీద కాసేపు ఉంచి, మెత్తబడ్డాక తుడిచింది. బతికున్న మనిషికి నొప్పి పుడుతుందేమో అన్నట్టే చేసింది. మెడ మడతలు, వేళ్ల సందులు, పాదాలు అన్నీ తుడిచింది. గాజుగుడ్డ చీలిక గడ్డం కింద నుంచి నెత్తి మీదికి కట్టింది, నోరు తెరుచుకోకుండా. జడలు మళ్లీ విప్పి కొత్తగా అల్లింది.

నేను పర్సులోంచి చేతికొచ్చిన నోట్లు తీసి ఇవ్వబోయాను. నా వేళ్లను మూసి, పిడికిలిని అట్లనే పట్టుకుని అన్నది: "వద్దక్కా. మా నాయినమ్మ చెప్పేది, సచ్చినోళ్లకు చేసిన పనికి కూలి తీస్కోవద్దు, వాళ్లు మళ్ల మనకేం చెయ్యలేరు గద, దేవునికి చేసినట్టే అని."

అప్పటిదాకా నేను ఏడవలేదు. అమ్మ ఊపిరి ఆగినప్పుడు కూడా ఫోన్లు చేయడంలోనే ఉన్నాను. ఆ మాటకు మాత్రం నిలబడలేకపోయాను. ఆ పిల్ల భుజం మీద తలపెట్టి ఏడ్చాను. ఆమె ఏమీ అనలేదు, వీపు నిమురుతూ ఉంది.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఆ ఆయమ్మకు జీతం నెలల తరబడి రాలేదు. ఆసుపత్రి ఏజెన్సీని అడగమంటుంది, ఏజెన్సీ బిల్లు పాస్ కాలేదంటుంది. అదే ఆసుపత్రిలో స్ట్రెచర్ తోయడానికి ఒక చెయ్యి, లిఫ్టు తలుపు తీయడానికి ఒక చెయ్యి, చీటీ ఇవ్వడానికి ఒక చెయ్యి, అన్ని చేతులూ చాచినవే. గేటు దగ్గర అంబులెన్సు వాళ్లయితే బయటి బండిని లోపలికి రానివ్వలేదు. ఆసుపత్రి నుంచి హన్మకొండలోని మా ఇంటికి ఎంత దూరమని? శవం మీద బేరం. జీతం అందని మనిషి మాత్రం నా డబ్బు ముట్టలేదు. దీన్ని నేను ఎవరి దగ్గర చెప్పుకోవాలి? దయచేసి అట్లాంటి చోట పెత్తనం ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఆ ఆడవాళ్ల జీతాలు నెలనెలా పడేట్టు చూడండి. అంతకంటే పెద్ద సాయం నేను అడగను.

ఇక మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు నమోదు కావాలని నియమం ఉంది, ఆ గడువులోపే పరిగెత్తుతున్నాం. చర్చి రిజిస్టర్లో అమ్మది బాప్తిస్మపు పేరు. ఆధార్‌లో ఉన్నది చిన్నప్పుడు బడిలో అయ్యవారు రాసిన పేరు. కిటికీ అవతలి మనిషి కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి "చనిపోయింది ఒక్కరా ఇద్దరా?" అని అడిగాడు. తల్లిని మట్టిలో పెట్టి వచ్చినవాళ్లను అడిగే మాటేనా అది? మన ఇళ్లల్లో ఇట్లా రెండు పేర్లున్న పెద్దవాళ్లు ఎంతమందో. బతికుండగానే సరిచేయించుకోండి.

ఆదరణ కూడికలో మా పాస్టరు అయ్యగారు రెండో తిమోతి మొదటి అధ్యాయం చదివారు. అవ్వ లోయి, తల్లి యునీకే, వాళ్లలో ఉన్న విశ్వాసమే తిమోతిలోనూ ఉందని పౌలు రాసిన మాట. నాకు, తమ్ముడికి ధైర్యం చెప్పడానికే చదివారు, మాకు అందింది కూడా. కానీ వింటున్నంతసేపూ నా మనసు అపొస్తలుల కార్యాలు తొమ్మిదో అధ్యాయం మీదే ఉంది. యొప్పేలో దొర్కా చనిపోతే, మేడగదిలో పేతురు చుట్టూ నిలబడి ఏడ్చింది ఆమె పిల్లలు కాదు. అసలు ఆమెకు పిల్లలున్నారని అక్కడ రాసి లేదు. ఏడ్చింది విధవరాండ్రు. ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించుకుంటూ ఏడ్చారు. దొర్కా ఏం బోధించిందో ఒక్క ముక్క లేదు, కుట్టిన బట్టలు మాత్రం ఉన్నాయి. మన స్వాస్థ్యం, అంటే మన వారసత్వం, మన రక్తంలోకే వెళ్లాలని ఎక్కడుంది?

మా ఇంట్లోనూ అదే జరిగింది. కాజీపేట రైల్వేలో పనిచేసే పెద్దాయన ఒకరు వచ్చారు, మాకు ముఖపరిచయం కూడా లేదు. పదో తరగతి ఫెయిలై ఇంట్లోంచి పారిపోబోతుంటే అమ్మ బస్టాండులో పట్టుకుని తీసుకొచ్చి, మళ్లీ ఫీజు కట్టించిందట. ఆయన సంఘానికి రారు, క్రైస్తవులూ కారు. శవపేటిక దగ్గర నిలబడి, చిన్నప్పుడు అమ్మ నేర్పిన ఇరవై మూడో కీర్తన తడబడకుండా మొత్తం చెప్పి వెళ్లారు. కూరగాయలమ్మే అక్క ఒకావిడ, అమ్మ పాత చీరలతో కుట్టి ఇచ్చిన బొంతను సంచిలో పెట్టుకొచ్చి మాకు చూపించింది. అమ్మ అది కుట్టిన సంగతి నాకు తెలియనే తెలియదు.

అమ్మకు ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందంటే ఆమె వాళ్ల నాయనమ్మ నుంచి. ఆమెది డోర్నకల్ పక్క పల్లె. అక్షరం రాదు. అజరయ్య గారి కాలంలో బాప్తిస్మం పొందిన మనిషి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారిది తిరునెల్వేలి సీమ, 1874లో పుట్టారు. మన భాష కాదు, మన ఊరు కాదు. తిరునెల్వేలి క్రైస్తవులు తమ కానుకలతో పెట్టుకున్న మిషనరీ సంఘం తరఫున 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, మన మాల మాదిగ పల్లెల్లో తిరిగారు. 1912 డిసెంబర్ 29న బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. దానికి ముందే, 1910లో ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కావాలి, స్నేహితులను ఇవ్వండి అని అడిగిన మనిషి. డోర్నకల్‌లో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి కట్టినట్టుండే ఆ పెద్ద చర్చి 1939లో ప్రతిష్ఠ అయింది. చూసినవాళ్లు ఫొటోలు తీసుకుంటారు, మంచిదే. నాకు మాత్రం ఆయన వదిలివెళ్లింది ఆ కట్టడం కంటే బాప్తిస్మం రోజు చెప్పించిన మాట. ప్రతి మనిషీ తన తల మీద చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందాను, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడు, అని చెప్పాలి. పాస్టర్లే కాదు, కూలికి పోయే ఆడమనిషి కూడా. 1945 జనవరి 1న ఆయన పోయారు. ఆ మాట మాత్రం పల్లెల్లో మిగిలింది.

మా తాతమ్మ సువార్త ప్రకటించడం అంటే ఏంటి? వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక గుప్పెడు దేవుని పేర వేరే కుండలో వేయడం. అది అమ్మకు వచ్చింది. మా వంటింట్లో పాత డాల్డా డబ్బా ఒకటి దాని కోసమే ఉండేది. మా నాన్న జీతం ఆగిన నెలల్లో కూడా అమ్మ చెయ్యి ఆ డబ్బా వైపు వెళ్లకుండా ఆగలేదు. నిండితే సంఘంలో ఆడవాళ్ల కూటమి స్త్రీల మైత్రికి, లేదంటే నేరుగా ఎవరింటికో. నిన్న మరదలు అన్నం వండుతూ నన్ను అడగకుండానే గుప్పెడు తీసి అందులో వేసింది.

కాబట్టి అమ్మ వెనుక ఎవరున్నారో నాకు తెలుసు, పేర్లు చెప్పగలను. ఆయమ్మ వెనుక ఎవరున్నారు? ఏ ఊరని అడిగితే కాటారం దిక్కు అన్నది. వాళ్ల ఊళ్లో విశ్వాసుల ఇల్లు అదొక్కటేనట. నాయనమ్మ కూడా చదువుకోలేదు. ఎవరో బైబిలమ్మ నడుచుకుంటూ వచ్చి, వాళ్ల అరుగు మీద కూర్చుని కథలు చెప్పి పోయేదట, అంతే గుర్తు. ఆ బైబిలమ్మ ఎవరో, ఏ సంఘం పంపిందో ఆమెకు తెలియదు. అడవి దారిలో, తన మాట ఎవరికి ఎక్కిందో తెలియకుండానే తిరిగి వెళ్లిపోయి ఉంటుంది. ఆ మాట ఆ ముసలమ్మకు ఎక్కింది. ముసలమ్మ మనవరాలికి చెప్పింది. మనవరాలు ఆ తెల్లవారుజామున మా అమ్మ ఒంటి మీది జిగురు నూనెతో తుడిచింది.

మహాదేవపూర్, కాటారం పల్లెల్లో వెనకటికి అట్లా తిరిగిన బైబిలు స్త్రీల సంగతి తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి నాకు చెప్పండి. వాళ్ల వాళ్లెవరైనా ఉంటే వెళ్లి కలుస్తాను.

మిగతావాళ్లు. రక్తం ఇచ్చిన కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ తమ్ముళ్లిద్దరు, మీ నంబరు రాసుకున్న కాగితం పోయింది, ఒకసారి ఫోన్ చేయండి. సమాధుల తోటలో వాన మధ్యలో గుంట తవ్వి, నీళ్లు తోడి పోసిన సంఘం యూత్. అయ్యగారు, అమ్మగారు. శవపేటిక రాత్రికి రాత్రి చేసిచ్చిన వడ్రంగి అన్న. మా పక్కింటి ఖాలా, మా ఇంట్లో పొయ్యి వెలగని రోజు అందరికీ సరిపడా అన్నం, పప్పు పంపింది.

అయ్యో, వార్డు ముందు టీ అమ్మే తాత. నా ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోనిచ్చాడు రోజూ. చివరి రోజు టీ డబ్బులు ఇవ్వకుండానే వచ్చేశాం తాతా, తమ్ముడు రేపు ఆ దిక్కు వస్తున్నాడు.

ఫ్రీజర్ బాక్స్ తెచ్చిన అబ్బాయి కూడా. కరెంటు పోతే జనరేటర్ కోసం పరిగెత్తింది అతనే.